కుంచెకి డ్రైవర్ అక్కర్లేదురా అబ్బాయ్

లారీ వెనకాల ‘జై హనుమాన్’ అని రాయాలంటే ఇప్పుడు ఏమేం కావాలో చెప్తా, విను. ముందు కరెంటుండాలి. కరెంటుంటే కంప్యూటరుండాలి. కంప్యూటరుంటే అందులో కోరల్‌డ్రా ఉండాలి, దాన్లో తెలుగు ఫాంటుండాలి. ఫాంటులో కొట్టిన అక్షరాన్ని కటింగ్ మిషన్‌కి మోసుకెళ్లే కేబులుండాలి. ఆ కేబులుకో డ్రైవరుండాలి. డ్రైవరంటే బయట టీ తాగుతూ టైము చూసుకుంటున్న లారీ డ్రైవరనుకునేవు. వాడు కాదు. ఈ డ్రైవరు కంప్యూటర్లో ఉంటాడు, కబురు పెట్టకుండా సెలవు పెడతాడు. ఇవన్నీ అమిరాక వినైల్ రోలు, బ్లేడు, పట్టకారు, మాస్కింగ్ టేపు. మా రోజుల్లో? కుంచె, ఎనామిల్ డబ్బా, కాస్త టర్పెంటైన్. కుంచెకి డ్రైవరుండడు. నేనే డ్రైవర్ని, నేనే క్లీనర్ని.

‘ముసలాడు మొదలెట్టాడు’ అని నువ్వు ఫోనులోకి తల దించుకున్న సంగతి నాకు తెలుసులే. దించుకో. నా గొణుగుడికి చార్జింగ్ అక్కర్లేదు.

మాది హనుమాన్ జంక్షన్. నాలుగు రోడ్ల కూడలి. ఇటు బెజవాడ, అటు ఏలూరు, ఓ పక్క నూజివీడు, ఇంకో పక్క గుడివాడ, నడుమ ఆంజనేయస్వామి. మద్రాసు నుంచి కలకత్తా పోయే పెద్ద రోడ్డు మా ఊరి మీదుగానే పోయేది. అప్పుడు దాన్ని ఐదో నంబరు జాతీయ రహదారి అనేవాళ్లు. 2010లో దాని నంబరు కూడా మార్చి పదహారు చేశారు. ఎవడడిగాడు? ఐదు రాయడానికి ఎంత తేలికో, ఎంత అందమో! సరే, ఆ రోడ్డు మీద పోయే లారీ ఏదైనా స్వామికి దండం పెట్టుకోవడానికి ఆగాలి, ఆగినవాడు టిఫిన్ చెయ్యాలి. వాడు దోసె తిని, కాఫీ తాగి, పళ్లు కుట్టుకునే లోపల వెనక తలుపు మీద వెలిసిపోయిన ‘శబ్దం చేయుము’ని మేం మళ్లీ కొత్తగా దిద్ది ఇచ్చేవాళ్లం. నెమళ్లూ తామరపూలూ అంటావా, అవన్నీ బెజవాడ ఆటోనగర్లో బాడీ కట్టినప్పుడే అక్కడి పెయింటర్లు వేసి పంపేవాళ్లు. మాకు మిగిలేవి అక్షరాలు. మిగిలేవి అంటున్నానుగానీ, లారీకి అందమంతా అక్షరాల్లోనే ఉందని మా గురువుగారు అనేవారు. ఆయనకి నెమలి వెయ్యడం రాదులే, అది వేరే సంగతి.

ఆ గురువుగారి దగ్గర నేను చేరినప్పుడు చాలాకాలం కుంచె ముట్టనివ్వలేదు. కిరసనాయిల్లో కుంచెలు కడగడం, సుద్ద పూసిన దారం రెండు చివర్లా పట్టుకుని మధ్యలో లాగి వదిలి గీత కొట్టడం, అంతే పని. తర్వాత సున్నాలు. తెలుగు అక్షరమంటే సగం సున్నాయే గనక సున్నా చుట్టడం వచ్చినవాడికే మిగతా అక్షరాలు. ఉడుత తోక వెంట్రుకల కుంచెని రంగులో ముంచి, డబ్బా అంచుకి రెండువైపులా తుడిస్తే కొస ఉలి మొనలా చదునవుతుంది. ఎడమచేత్తో పట్టిన కర్ర మీద కుడి మణికట్టు ఆనించి, కుంచె కాడని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నెమ్మదిగా దొర్లిస్తూ గీస్తే, ఒకే గీత సన్నగా బయల్దేరి, కడుపు దగ్గర లావై, మళ్లీ సన్నబడి ఆగుతుంది. తలకట్టు మాత్రం ఒక్క విసురు. అక్కడ ఆలోచించినవాడి తలకట్టు వణుకుతుంది. గురువుగారు వెనకాల నిలబడి రెండే మాటలనేవారు: ‘ఎత్తు’, ‘దించు’. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తాయి.

మాకు పెద్ద పండగంటే ఎన్నికలు. 1983 జనవరి ఎన్నికల్ని నువ్వు పుస్తకంలో చదివుంటావు, నేను గోడల మీద రాశాను. ఎన్టీ రామారావుగారు తెలుగుదేశం పార్టీ పెట్టి ఏడాది కూడా నిండలేదు, తిరుపతితో పాటు మా పక్కనున్న గుడివాడలోనూ నిలబడ్డారు. ఇంకేం, గుడివాడ రోడ్డు పొడవునా ఏ గోడ చూసినా ఆ పార్టీ గుర్తు సైకిలే. సైకిలు వెయ్యడం నీకు తెలుసా? గోడలో మేకు దిగ్గొట్టి, దానికి దారం కట్టి, దారం చివర బొగ్గు పట్టుకుని చుట్టూ తిప్పితే చక్రం. అదే దారంతో రెండోది. చువ్వల దగ్గర పార్టీవాడికీ నాకూ తగాదా. వాడు అన్నీ వెయ్యాలంటాడు, నేను కొన్ని చాలంటాను. తొక్కుతావా ఏంటి దాన్ని? రెండు చోట్లా ఆయనే గెలిచారు. మా చువ్వల వల్లనేనని నేను అనను. అనేవాళ్లున్నారు.

సరిగ్గా ఆ ఏడాదే, మేం గోడలకి సున్నం కొట్టుకుంటూ సైకిళ్లు వేస్తుంటే, సముద్రాలవతల మా పొట్ట మీద కత్తి తయారైంది. వియన్నాలో పుట్టి, నాజీల నుంచి పారిపోయి అమెరికా చేరిన జోసెఫ్ గెర్బర్ అనే ఇంజనీరు కనెక్టికట్లో పెద్ద కంపెనీ పెట్టాడు. దర్జీలకి బదులుగా గుడ్డలు కత్తిరించే కంప్యూటర్ మిషన్ ఆ కంపెనీదే. అది 1983లో సైన్‌మేకర్ త్రీ అని ఒకటి బజార్లో పెట్టింది. మీటలు నొక్కితే స్టిక్కర్ కాగితం మీద అక్షరాలు కోసి ఇస్తుంది. ఆయన మీద నాకు కోపం లేదు, పాపం, ఎంత కష్టపడి పైకొచ్చాడో. కానీ గుడ్డల దగ్గర ఆగితే ఏం పోయింది?

ఆ మిషన్ మా జంక్షన్‌కి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. మంచివేవైనా ఆలస్యంగా వస్తాయి, చెడ్డవి కూడా ఒక్కోసారి ఆలస్యంగానే వస్తాయి. మావాడే తెచ్చాడు. నా కొడుకే. ‘రేడియం స్టిక్కరింగ్’ అని నా బోర్డు మీదే స్టిక్కర్ అంటించి దుకాణం తెరిచాడు. రెండడుగుల వెడల్పు రోలు పట్టే మిషన్, ఎవరో వాడి అమ్మేసింది. దాని వెనక చూస్తే తొమ్మిది సూదుల సీరియల్ పోర్టు. కొత్త ల్యాప్‌టాప్‌లో అలాంటి బొక్కే లేదు, అన్నీ యూఎస్‌బీలే. మధ్యలో కన్వర్టర్ కేబులొకటి. దాన్ని పెట్టగానే విండోస్ దానికో కామ్ పోర్టు నంబరు ఇస్తుంది. ఇవాళ ఎడమవైపు గుచ్చితే ఒక నంబరు, రేపు కుడివైపు గుచ్చితే ఇంకో నంబరు. కోయించే సాఫ్ట్‌వేరేమో నిన్నటి నంబరుకే పంపిస్తూ కూర్చుంటుంది. మిషన్ ఉలకదు, పలకదు. మావాడు మిషన్ని తిడతాడు, మిషన్ అమ్మినవాణ్ణి తిడతాడు. డివైస్ మేనేజర్ తెరిచి నంబరు చూసి రెండు చోట్లా ఒకటే చెయ్యరా అంటే, ‘నీకేం తెలుసు నాన్నా’ అంటాడు. చేశాక కదులుతుంది.

కదిలిందా, అప్పుడు అసలు వినోదం. అక్షరాలు చక్కగా కోస్తూ కోస్తూ ఉన్నట్టుండి కత్తి ఈ మూల నుంచి ఆ మూలకి అడ్డంగా ఓ గీత గీసుకుంటూ పోతుంది. పేరు మధ్యలో గాటు. రోలు దండగ. ఎందుకలా అంటే, మిషన్ కడుపు చిన్నది. కొంచెం లెక్క తీసుకుని, అది కోసేదాకా ఆగమంటుంది. సాఫ్ట్‌వేరులో ఫ్లో కంట్రోల్ ‘హార్డ్‌వేర్’ అని పెట్టకపోతే కంప్యూటరు ఆ మాట వినిపించుకోదు, విస్తరి మీద చేతులు అడ్డం పెట్టినా వడ్డించే పెళ్లివారిలా కుమ్మరిస్తూనే ఉంటుంది. పొంగి పోయిన లెక్కలో ‘కత్తి ఎత్తు’ అన్న మాటొకటి పోయిందనుకో, దించిన కత్తి దించినట్టే పరుగెడుతుంది. వేగం 9600, పారిటీ లేదు, ఎనిమిది, ఒకటి, హార్డ్‌వేర్. ఈ వరస నాకు సంధ్యావందనంలా నోటికొచ్చేసింది. సంధ్యావందనం మాత్రం రాదు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న రెండు మాటలకొస్తా. ఈ మిషన్ మాట్లాడే భాష హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ ఇంజనీరింగ్ బొమ్మలు గీసే ప్లాటర్ల కోసం తయారు చేసింది. ఆ ప్లాటర్లో పెన్నుండేది. పెన్ను తీసి కత్తి పెడితే మన కటింగ్ మిషన్. భాష మారలేదు. అందులో ముఖ్యమైన ఆజ్ఞలు రెండు: ‘పీయూ’ అంటే పెన్నెత్తు, ‘పీడీ’ అంటే పెన్ను దించు. మా గురువుగారు ఏ కంపెనీలోనూ పని చెయ్యకుండానే ఆ ఉద్యోగమంతా చేశారు. ఆయన జీతం అడగలేదు, డ్రైవరూ అడగలేదు.

ఇక కొలతలు. ఆ భాషలో మిల్లీమీటరుకి నలభై యూనిట్లు, అంగుళానికి 1016. మావాడి సాఫ్ట్‌వేరులో ఎవడో లెక్క తేలికని 1000 పెట్టి వదిలేశాడు. చిన్న స్టిక్కర్లకి తెలియలేదు. ఆరడుగుల బోర్డుకి కోస్తే అంగుళం పైచిలుకు తక్కువొచ్చింది. మా రోజుల్లో అంగుళం తక్కువైతే చివరక్షరాన్ని కాస్త లాగి రాసేవాళ్లం, చూసినవాడు స్టైలనుకునేవాడు. మిషన్‌కి ఆ సర్దుబాటు లేదు. తప్పుని కూడా తు.చ. తప్పకుండా చేస్తుంది.

బ్లేడు సంగతి ఇంకోటి. ఆ కత్తి మొన సరిగ్గా నడిమధ్యలో ఉండదు, పక్కకి జరిగి వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది, ఎటు లాగితే అటు తిరుగుతుంది. ఆ జరుగుడు మామూలుగా పావు మిల్లీమీటరు. ఆఫ్‌సెట్ అనే గడిలో ఆ పావు రాయకపోతే ప్రతి మూలా గుండ్రమవుతుంది, చదరం కోస్తే సబ్బుబిళ్ల వస్తుంది. మామూలు వినైల్‌కి నలభై ఐదు డిగ్రీల బ్లేడు, మందంగా ఉండే రిఫ్లెక్టివ్‌కి అరవై డిగ్రీలది. కత్తి ఎక్కువ బయటికొస్తే కింద కాగితమూ తెగి రోలర్లకి చుట్టుకుంటుంది, తక్కువొస్తే స్టిక్కరు తెగనే తెగదు. ముందో మూల చిన్న చదరం కోసి, గోటితో లేపి, కింద కాగితం మీద సన్నటి గీటు మాత్రమే పడిందా లేదా వేలితో తడిమి చూసుకోవాలి. ఇదొక్కటి నాకు నచ్చింది. చివరికి వేలే చెప్పాలి.

తెలుగు దగ్గరికొస్తే ఇంగ్లీషువాడి మిషన్‌కి చుక్కలు కనిపిస్తాయి. వాడి అక్షరాలు దేనికది విడిగా కర్రలు పాతినట్టుంటాయి. మన ఫాంటులో అక్షరం ఒక ముక్క, తలకట్టో గుడో ఇంకో ముక్క, కింద వత్తు మరో ముక్క, ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చుంటాయి. తెర మీద నల్లరంగు నింపి ఉంటుంది గనక అంతా ఒకటిగానే కనిపిస్తుంది. కత్తికి రంగు కనపడదు, అంచులే కనపడతాయి. ‘శ్రీ’ అని పంపిస్తే శకారం మీద గుడిదీర్ఘం ఎక్కిన చోట కోస్తుంది, రావత్తు తగిలిన చోట కోస్తుంది. తీసి అంటించబోతే శ్రీ కాస్తా మూడు చెక్కలు. మావాడికి నేను చెప్పేదొకటే: వ్యూలోకెళ్లి వైర్‌ఫ్రేమ్ పెట్టి చూడరా, కత్తి చూసేది అదే. అక్షరాల్ని ముందు కర్వ్‌లు చెయ్యి, అన్నీ పట్టుకుని వెల్డ్ కొట్టు. ఎక్కినవన్నీ అతుక్కుని ఒకే అంచవుతాయి. ఆ తర్వాత పంపించు. కుంచెతో రాసేటప్పుడు వెల్డింగేమిటి, తడి మీద తడి పడితే అదే కలిసిపోయేది.

కోశాక వీడింగు. అక్కర్లేని ముక్కలన్నీ పట్టకారుతో పీకాలి. ఇక్కడ ‘థ’ పొట్టలో చుక్క చూడు. చుట్టూ ఉన్నది లాగితే చుక్క కూడా లేచొస్తుంది. అది చొక్కాకి అంటుకుని ఇంటికెళ్లిపోతుంది. చుక్క పోయిన ‘రథం’ ‘రధం’ అవుతుంది. వెతుకుదామని నేను లేస్తే, ‘ఎవరు చూస్తారు తాతయ్యా, అందరూ అలాగే రాస్తున్నారు’ అన్నాడు మనవడు. నిజమే, అందరూ అలాగే రాస్తున్నారు. అందుకే కదరా నా ఏడుపు.

ఇక గిరాకీలు. మా రోజుల్లో బోర్డు రాయించుకునేవాడు పక్కన బల్ల మీద కూర్చునేవాడు. సుద్దతో గీసుకున్నప్పుడే ‘గురువుగారూ, మావాళ్ల ఇంటిపేరు దీర్ఘమండీ’ అనేవాడు. దారిన పోయేవాళ్లు ఆగి, ఒక్కో అక్షరం పుడుతుంటే పైకి చదివేవాళ్లు, తర్వాత వచ్చేదేంటో పిల్లలు పందేలు కాసేవాళ్లు. పదిమంది చదివాక తప్పెక్కడ ఉంటుంది? ఇప్పుడు వాట్సాప్‌లో పంపిస్తాడు. ఆ తెలుగు యూనికోడ్. మా దుకాణంలో పాత సాఫ్ట్‌వేరులో పేస్ట్ చేస్తే వత్తులు అలిగి పక్కన నిలబడతాయి, మళ్లీ కన్వర్టరులో మార్చాలి. లేకపోతే పెళ్లిపత్రికని ఫోటో తీసి పంపి ‘ఇలాగే కావాలి అంకుల్’ అంటాడు. ఫోటోని కత్తి కొయ్యలేదు నాయనా, దానికి గీత కావాలి. ట్రేస్ కొడితే గీత వస్తుంది, వచ్చిన గీత నిండా అడుగడుక్కీ నోడ్‌లు, ప్రతి నోడ్ దగ్గరా కత్తి గిజగిజలాడుతుంది. తీరా కోసి అంటించాక తప్పు దొరికితే అప్పటికి అదే తప్పు ఊళ్లో ఆటోలన్నిటి మీదా తిరుగుతుంటుంది. మా రోజుల్లో ఒక తప్పుని పది చోట్ల చెయ్యాలంటే పదిసార్లు కష్టపడాలి.

అక్షరాల మధ్య ఎడం సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. బోర్డు చదివేవాడు ఏలూరు బస్సు కిటికీ పక్కన కూర్చుని పోతుంటాడు. అందుకని మేం సుద్దగీత అయ్యాక రోడ్డు దాటి అవతలికెళ్లి, కళ్లు సగం మూసి చూసేవాళ్లం. ‘గ’ పక్కన ‘ఱ’ పెట్టడానికీ, ‘ళ’ పక్కన ‘ల’ పెట్టడానికీ ఒకే ఎడం పనికిరాదు, కంటికి సమానంగా కనపడాలంటే కొలతకి అసమానంగా ఉండాలి. ఇప్పుడు తెర మీద పెద్దది చేసి ముక్కు ఆనించి చూస్తారు. బాపుగారి చేతిరాతని కూడా ఫాంటు చేసి అందరికీ పంచారు, సంతోషమే. కానీ ఆయన చేత్తో రాస్తే ఏ రెండు ‘అ’లూ ఒకేలా ఉండవు. ఫాంటులో అన్ని ‘అ’లూ స్కూలు యూనిఫారం వేసుకుని నిలబడతాయి.

అలాగని మా రోజుల్లో అంతా బంగారమని కాదు. వానొస్తే పని బందు. ఎనామిల్ ఆరేలోపు దోమ వాలితే అది ఆ బోర్డున్నంతకాలం చిరంజీవి. సంక్రాంతికిస్తానన్న బోర్డు ఉగాదికిచ్చేవాణ్ణి. ఏ ఉగాదికని అడిగినవాడు అమాయకుడు. అయినా ఎవరూ నన్ను వదిలి వెళ్లేవాళ్లు కాదు. వెళ్లడానికి ఇంకొకడు లేడనుకో.

ఇప్పుడు నాకో చిన్న సంతోషముంది, చెప్పకూడదుగానీ చెప్తా. నా కుంచెని తిన్న కటింగ్ మిషన్ని ఫ్లెక్సీ తినేసింది. నంబరు ప్లేట్లు పోనీ ఉంటాయనుకుంటే, 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండికి హై సెక్యూరిటీ ప్లేటు బండితోనే రావాలన్నారు. ‘ఏపీ 16’ అని నేను వంకర తిప్పి రాసినంత అందం ఆ రేకు మీద ఎక్కడిది? 2022లో అప్పటి ముఖ్యమంత్రిగారు ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధమని ప్రకటించగానే నేను గబగబా కుంచెలు కడుక్కున్నాను. ఇప్పటికీ శుభ్రంగానే ఉన్నాయి. లారీలేమో బైపాస్ పట్టుకుని పోతున్నాయి. మావాడు సాయంత్రం కుర్చీ బయటేసుకుని, ‘మా రోజుల్లో వినైల్‌లో ప్రతి అక్షరం చేత్తో పీకేవాళ్లం, ఈ ఫ్లెక్సీ కుర్రాళ్లకి పనేం తెలుసు’ అంటుంటాడు. నేను పక్కన కూర్చుని తల ఊపుతుంటాను. ఇంత తొందరగా వాడికి ఆ రోజులు వస్తాయనుకోలేదు.

విచిత్రమేంటంటే, చుట్టుపక్కల ఎక్కడ కటింగ్ మిషన్ మొరాయించినా కుర్రాళ్లు నా దగ్గరికే వస్తారు. నూజివీడు నుంచి వస్తారు, గుడివాడ నుంచి వస్తారు. కేబులు పట్టుకుని ‘తాతగారూ, మధ్యలో అడ్డగీత వస్తోందండీ’ అంటారు. ముందు ఓ గంట తిడతాను, తర్వాత ఫ్లో కంట్రోల్ ఎక్కడుందో చెప్తాను. నువ్వూ రేపో మాపో వస్తావు, నాకు తెలుసు. వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ చార్జర్ మర్చిపోకు, చేతిలో వెయ్యి రూపాయలుంచుకో. మా రోజుల్లో పని చెప్పినందుకు ఎవరూ డబ్బులు పుచ్చుకునేవాళ్లు కాదు. ఈ ఒక్క విషయంలో మాత్రం కాలం బాగుపడింది.